ట్రఫాల్గర్ తరువాత కట్టర్ 'ఆంత్రప్రెనాంత్'కూ, లెఫ్టినెంట్ యంగ్‌కూ అన్యాయం జరిగిందా?

ఉప్పుగాలి:

1804 సెప్టెంబరులో మన విశాఖపట్నం రేవు ఎదుటే బ్రిటిష్ నౌక 'సెంచూరియన్' ఫ్రెంచి అడ్మిరల్ లినోవా నౌకలతో తలపడిందని చదివిన నాటి నుంచి ఆ కాలపు సముద్ర యుద్ధాలు నన్ను వదలలేదు. ఆ చదువులో చాలాకాలంగా తేలని ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని ఇక్కడ పెడుతున్నాను.

1805 అక్టోబరు 21న స్పెయిన్ తీరాన ట్రఫాల్గర్ అగ్రం దగ్గర ఫ్రెంచి, స్పానిష్ నౌకలతో జరిగిన యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ చేతికింద 33 నౌకలున్నాయి. వాటిలో 27 వరుసకట్టి పోరాడే పెద్ద యుద్ధనౌకలు, నాలుగు ఫ్రిగేట్లు, అంటే వాటికంటే చిన్నవైన వేగపు యుద్ధనౌకలు. మిగిలిన రెంటిలో ఒకటి 'పికిల్' అనే రెండు తెరచాప కొయ్యల స్కూనర్, రెండోది 'ఆంత్రప్రెనాంత్' అనే ఒంటికొయ్య కట్టర్. ఈ కట్టర్ ఫ్రెంచివారి నుంచి పట్టుబడినది, పేరు మార్చకుండానే 1799లో బ్రిటిష్ సేవలోకి వచ్చింది. నెల్సన్ పతాకనౌక 'విక్టరీ' మీద 800 మందికి పైగా ఉంటే, దీనిమీద సుమారు 40 మంది ఉన్నారు. ఆనాటి బ్రిటిష్ నౌకల్లో ఇదే అన్నింటికంటే చిన్నది. దీని అధిపతి లెఫ్టినెంట్ రాబర్ట్ బెంజమిన్ యంగ్, పికిల్ అధిపతి లెఫ్టినెంట్ జాన్ రిచర్డ్స్ లాపెనోతియేర్.

ఇద్దరిదీ ఒకే హోదా. ఆ సాయంత్రం ఇద్దరూ చేసిన పనీ ఒకటే. 74 ఫిరంగుల ఫ్రెంచి నౌక 'అషీల్' ముందుకొయ్య పైభాగాన నిప్పు రాజుకుంది. నీళ్ళు కొట్టే యంత్రం దెబ్బతినడంతో, మండుతున్న కొయ్యను నరికి సముద్రంలోకి తోసేయాలని నావికులు ప్రయత్నిస్తుండగా, బ్రిటిష్ నౌక 'ప్రిన్స్' పేల్చిన గుండ్లకు ఆ కొయ్య విరిగి, మంటలతో సహా ఓడ నడుమ ఉన్న పడవల మీద కూలింది. దూకి ఈదడం తప్ప వాళ్ళకు మరో దారి లేకపోయింది. ప్రిన్స్, స్విఫ్ట్‌షూర్ నౌకల పడవలతో పాటు ఈ రెండు చిన్న ఓడలూ ఆ మంటల దగ్గరికి వెళ్ళాయి. వేడికి అషీల్‌లోని ఫిరంగులు వాటంతటవే పేలుతున్నాయి. ఓడ ఎప్పుడు బద్దలవుతుందో ఎవరికీ తెలియదు. అయినా యంగ్ మనుషులు తమ సంఖ్యకు ఎన్నో రెట్ల మందిని, అంతకుముందు గంట దాకా శత్రువులైన వాళ్ళను, నీళ్ళలోంచి తీసి తమ ఇరుకు ఓడలోకి ఎక్కించుకున్నారు.

ఆ తరువాత విజయవార్త ఉన్న ఉత్తరాన్ని లండన్‌కు మోసుకెళ్ళే పని లాపెనోతియేర్‌కు దక్కింది. దానితో లెఫ్టినెంట్‌కు పైదైన కమాండర్ హోదా, 500 పౌండ్లు, లాయిడ్స్ దేశభక్త నిధి నుంచి ఖడ్గం కూడా వచ్చాయి. యంగ్‌కు ఆ సమయంలో ఏ పదోన్నతీ రాలేదు, కమాండర్ హోదా కోసం ఆయన ఏళ్ళ తరబడి వేచి ఉండాల్సి వచ్చింది. ఇది అన్యాయమని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చెప్పండి.

పాత దస్త్రం:

ఉప్పుగాలి గారు వాస్తవాలను సరిగానే పెట్టారు. అయితే వాటినుంచి తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించను. ఆ నౌకాదళంలో పదోన్నతి చేసిన మంచిపనికి లెక్కకట్టి ఇచ్చే కూలి కాదు. అది అలవాటుగా స్థిరపడిన కట్టుబాటు. పెద్ద విజయం తరువాత, వరుసలో నిలిచి పోరాడిన నౌకల మొదటి లెఫ్టినెంట్లకు, అంటే కెప్టెన్ తరువాతి అధికారులకు, పైహోదా దక్కేది. విజయవార్తను రాజధానికి మోసుకెళ్ళిన అధికారికి కూడా అలాగే దక్కేది. ఈ రెండు దారుల్లో దేనిలోనూ లేనివాడు ఎంత సాహసి అయినా ఆ విజయం పేరుతో పైకి రావడం కష్టమని ఆనాటి ప్రతి అధికారికీ తెలుసు.

విక్టరీ మీదే జరిగిన ఉదాహరణ ఒకటి చూడండి. జాన్ పాస్కో ఆ నౌక లెఫ్టినెంట్లలో సీనియరు. కానీ నెల్సన్ ఆయన్ను సంకేత పతాకాల బాధ్యతలో ఉంచి, జూనియరు అయిన జాన్ క్విలియమ్‌ను మొదటి లెఫ్టినెంట్‌గా కొనసాగించాడు. ఇంగ్లండు ప్రతి మనిషి నుంచీ కర్తవ్యాన్ని ఆశిస్తుందన్న ప్రసిద్ధ సంకేతాన్ని ఎగరేయించింది పాస్కోయే. ఆయన యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డాడు కూడా. అయినా తరువాత క్విలియమ్ ఏకంగా కెప్టెన్ అయ్యాడు, పాస్కో అప్పటికి కమాండర్ దగ్గరే ఆగిపోయాడు. పతాకనౌక మీద నెల్సన్ పక్కన నిలబడిన మనిషికే ఆ కట్టుబాటు సడలలేదు. పోరువరుసకు దూరంగా, గాలివాటున నిలబడి ఉండిన కట్టర్ అధిపతికి ఎలా సడలుతుంది?

కాబట్టి యంగ్ విషయాన్ని ప్రత్యేకంగా ఆయన మీద జరిగిన అన్యాయంగా చూడటం కంటే, ఆ వ్యవస్థలో అందరికీ వర్తించిన లెక్కగా చూడటం సరైనది. ఉత్తరం ఒకటే, మోసేవాడూ ఒకడే. నెల్సన్ తరువాత నాయకత్వం తీసుకున్న కాలింగ్‌వుడ్ దాన్ని ఎవరికిచ్చినా మిగిలినవాళ్ళకు దక్కదు.

చుక్కాని:

నేను పదోన్నతుల సంగతి పక్కనపెట్టి, ఆ వారం సముద్రం మీద ఏం జరిగిందో చెప్పదలచుకున్నాను. ఉత్తరం ఎవరికివ్వాలన్న నిర్ణయం గాలి, అలలు, విరిగిన కొయ్యల మధ్య జరిగింది. దాన్ని మరచి గదిలో కూర్చుని న్యాయాన్యాయాలు తేల్చడం కుదరదు.

నెల్సన్ మరణించాక నాయకత్వం కాలింగ్‌వుడ్‌కు వచ్చింది. ఆయన సొంత నౌక 'రాయల్ సావరిన్' కొయ్యలు కూలిపోవడంతో ఆయన తన పతాకాన్ని 'యూర్యాలస్' అనే ఫ్రిగేట్‌కు మార్చుకున్నాడు. ఆ యూర్యాలస్‌కు రాయల్ సావరిన్‌ను తాడుకట్టి లాగే పని కూడా పడింది. 'నాయడ్' అనే మరో ఫ్రిగేట్ 'బెల్లీల్‌'ను లాగుతోంది. యుద్ధం ముగిసీ ముగియకముందే మొదలైన తుపాను రోజుల తరబడి తగ్గలేదు. 23వ తేదీన స్పెయిన్‌లోని కాదిజ్ రేవునుంచి ఫ్రెంచి కెప్టెన్ కోస్మావో కొన్ని నౌకలతో బయటికి వచ్చి, పట్టుబడిన రెండు స్పానిష్ నౌకలను వెనక్కి లాక్కుపోయాడు. బ్రిటిష్ వారు పట్టుకున్న నౌకల్లో చివరికి జిబ్రాల్టర్ చేరినవి నాలుగే. మిగిలినవి మునిగాయి, తీరానికి కొట్టుకుపోయాయి, లేదా కాలింగ్‌వుడ్ ఆజ్ఞతోనే కాల్చివేయబడ్డాయి. మామూలు రోజుల్లో ఇలాంటి ఉత్తరం ఫ్రిగేట్ మీద, ఎవరో ఇష్టుడైన కెప్టెన్ చేతికిచ్చి పంపేవారు. ఆ వారం ఒక్క ఫ్రిగేట్‌ను వదులుకున్నా వందల మంది ప్రాణాలకు ముప్పు ఉండేది.

అందుకే మిగిలినవి ఈ రెండు చిన్న ఓడలు. వీటిలో ఎంపిక ఎలా జరిగి ఉంటుంది? కట్టర్‌కు ఉన్నది ఒకే కొయ్య. దానిమీద ఓడ పరిమాణానికి మించిన పెద్ద తెరచాప, ముందుకు చాలా దూరం సాగే అడ్డకొయ్య, దానికి ముక్కోణపు చాపలు. ఎదురుగాలికి ఏటవాలుగా ఎగబాకడంలో కట్టర్‌ను మించిన ఓడ అరుదు. ఇంగ్లిష్ ఛానల్‌లో దొంగసరుకు రవాణా చేసేవాళ్ళూ, వాళ్ళను పట్టుకునే సుంకం అధికారులూ ఇద్దరూ ఈ రకాన్నే కోరుకున్నది అందుకే. కానీ ఆ ఒక్క కొయ్య విరిగితే ఓడకు దిక్కులేదు. స్కూనర్‌కు రెండు కొయ్యలు, బరువు రెంటి మీదా పంచుకుంటుంది, ఒకటి పోయినా రెండోదానితో రేవు చేరే అవకాశం ఉంటుంది. బిస్కే అఖాతాన్ని చలికాలపు ముఖద్వారంలో దాటి, సుమారు వెయ్యి మైళ్ళు పోవాలన్నప్పుడు నేనైనా స్కూనర్‌నే పంపుతాను. పికిల్ కూడా ఆ దారిలో సుఖంగా వెళ్ళలేదు. అలల తాకిడికి ఓడ తేలికపడాలని లాపెనోతియేర్ నాలుగు ఫిరంగులను సముద్రంలోకి తోయించాడు.

ఇంకో సంగతి మరచిపోకండి. కాలింగ్‌వుడ్ కట్టర్‌ను ఖాళీగా కూర్చోబెట్టలేదు. విజయవార్త ఉన్న ఉత్తరాలతోనే దాన్ని పోర్చుగల్ దక్షిణ తీరాన ఉన్న ఫారో రేవుకు పంపాడు. దగ్గరి దూరం కట్టర్‌కు, దూరపు ప్రయాణం స్కూనర్‌కు ఇచ్చాడు. నావికుడిగా ఆలోచిస్తే ఇందులో పక్షపాతం కనిపించదు.

ఉప్పుగాలి:

చుక్కాని గారు, మీ సాంకేతిక వివరణను తప్పుపట్టను. పికిల్‌ను ఎంచుకోవడం తప్పని నేను అనలేదు కూడా. నా ప్రశ్న ఎంపిక గురించి కాదు, ఆ ఎంపిక వెంట నడిచిన ఫలితం గురించి. ఫారో వెళ్ళిన ఉత్తరమూ విజయవార్తే. తుపానులో దెబ్బతిన్న నౌకాదళం నుంచి విడివడి, శత్రు తీరం పక్కగా ఒంటికొయ్య ఓడను నడిపి ఆ ఉత్తరం చేర్చడమూ నావికుడి పనితనమే. ఫారో నుంచి లిస్బన్‌కు చేరితే, అక్కడినుంచి ఇంగ్లండులోని ఫాల్మత్‌కు తపాలా ఓడలుండేవి కనుక, పికిల్ దారిలో మునిగిపోయి ఉంటే ఇంగ్లండుకు కబురు చేరేందుకు ఆ ఉత్తరమే ఒక ఆధారమయ్యేది.

ఇలాంటి జాగ్రత్త ఎంత అవసరమో నైలు యుద్ధం చూపించింది. 1798 ఆగస్టులో ఈజిప్టు తీరాన ఫ్రెంచి నౌకాదళాన్ని ఓడించిన నెల్సన్ తన విజయవార్తను కెప్టెన్ ఎడ్వర్డ్ బెర్రీకిచ్చి, 50 ఫిరంగుల 'లియాండర్' మీద పంపాడు. 18వ తేదీన క్రీట్ సమీపంలో 'జెనెరూ' అనే పెద్ద ఫ్రెంచి నౌక లియాండర్‌ను పట్టుకుంది, అసలు ఉత్తరం గమ్యం చేరలేదు. నకలు మాత్రం 'మ్యూటీన్' అనే చిన్న రెండు కొయ్యల ఓడ (బ్రిగ్) మీద థామస్ బ్లేడెన్ కేపెల్ చేతిలో నేపుల్స్ చేరింది. అక్కడినుంచి ఆయన నేలమార్గాన వెళ్ళి అక్టోబరు 2న లండన్‌లో అందించాడు. ఆ ఉత్తరం కేపెల్ ఉద్యోగాన్ని ఎంతగా పైకెత్తిందో చూడాలంటే ట్రఫాల్గర్ దాకా వస్తే చాలు. అక్కడ ఆయన 'ఫీబీ' ఫ్రిగేట్‌కు కెప్టెన్. ఎర్ల్ ఆఫ్ ఎసెక్స్ కొడుకు కావడం కూడా ఆయనకు కలిసివచ్చి ఉంటుందని నా ఊహ.

అంటే నకలు మోసిన చిన్న ఓడవాడికి కూడా గౌరవం దక్కిన సందర్భం ఏడేళ్ళ వెనుకే ఉంది. పాత దస్త్రం గారు చెప్పిన కట్టుబాటు అంత గట్టిదేమీ కాదు, వంచదలచుకుంటే వంగేదే. యంగ్ కోసం ఎవరూ వంచలేదు. అషీల్ దగ్గర లాపెనోతియేర్ చేసిందే యంగ్ కూడా చేశాడు. తుపానులోనూ అంతే. ఇద్దరి మధ్య తేడా ఒకరి ఉత్తరం లండన్‌కు, మరొకరి ఉత్తరం ఫారోకు వెళ్ళడమే. ఆ తేడాకు హోదా, 500 పౌండ్లు కట్టడం నాకు న్యాయంగా కనిపించదు.

కృష్ణాతీరం:

ఈ చర్చలో ఇంతవరకు రాని కథ ఒకటి చెబుతాను. లాపెనోతియేర్ గురించి చాలాకాలంగా చెప్పుకుంటున్నదే ఇది. ట్రఫాల్గర్‌కు చాలాముందు కాలింగ్‌వుడ్, లాపెనోతియేర్ ఒకే ఓడలో ప్రయాణిస్తున్నారట. రాత్రివేళ చుక్కాని పట్టినవాడికి ఎవరో పొరపాటు ఆజ్ఞ ఇచ్చారట. అది అమలైతే ఓడ రాళ్ళమీదికి పోయేదే. లాపెనోతియేర్ అది గమనించి, తనకు అధికారం లేకపోయినా ఆ ఆజ్ఞను తిరగేయించి ఓడను కాపాడాడట. అవకాశం వస్తే నీకు మేలు చేస్తానని కాలింగ్‌వుడ్ అప్పుడు మాట ఇచ్చాడనీ, ట్రఫాల్గర్ ఉత్తరం చేతికిస్తూ తన మాట నిలబెట్టుకున్నానని చెప్పాడనీ కథ.

ఇది నిజమైతే చుక్కాని గారు చెప్పిన రెండు కొయ్యల లెక్క అంతా పక్కకు పోతుంది. ఎంపిక పాత మాట చెల్లించుకోవడం కోసం జరిగిందన్నమాట. అప్పుడు యంగ్‌కు జరిగింది కట్టుబాటు వల్ల వచ్చిన నష్టం కాదు. సమానులైన ఇద్దరిలో ఒకరిని అధికారి తన సొంత ఋణం తీర్చుకోవడానికి ఎంచుకోవడం వల్ల వచ్చిన నష్టం అవుతుంది. ఈ కోణంలో అన్యాయం అన్న మాటకు బలం పెరుగుతుందని నాకు అనిపిస్తోంది.

పాత దస్త్రం:

కృష్ణాతీరం గారు, ఆ కథను నేనూ చదివాను. అది కుటుంబంలో, పరిచయస్తుల్లో చెప్పుకోగా తరువాత అచ్చులోకి ఎక్కిన కథ. కాలింగ్‌వుడ్ ఆ ఓడలోనే అలాంటి మాట అన్నాడని నిరూపించే సమకాలీన రాత నా కంటపడలేదు. ఉత్తరం ఇస్తున్నప్పుడే వచ్చే సొమ్ము, హోదా లెక్కచెప్పి మరీ ఇచ్చినట్టు కథలో ఉండటం నా అనుమానాన్ని పెంచుతుంది. ఫలితం తెలిశాక అల్లిన సంభాషణలకు ఆ లక్షణం ఉంటుంది. అందుకే దీన్ని ఆధారంగా చేసుకుని కాలింగ్‌వుడ్ మీద పక్షపాతపు నింద వేయలేం. చుక్కాని గారు చెప్పిన నావికా కారణాలు ఈ కథ లేకుండానే ఎంపికను వివరిస్తున్నాయి.

ఉత్తరం మోయడాన్ని ఉప్పుగాలి గారు తేలిక పనిగా చూపుతున్నారని కూడా నాకు అనిపిస్తోంది. దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పికిల్ అక్టోబరు 26న నౌకాదళం నుంచి బయలుదేరింది. 28న సెంట్ విన్సెంట్ అగ్రం దగ్గర 'నాటిలస్' అనే చిన్న యుద్ధనౌక (స్లూప్) అధిపతి జాన్ సైక్స్ ఎదురై వార్త తెలుసుకున్నాడు. లిస్బన్‌లో కబురు చెప్పి, ఆయనా ఇంగ్లండు దారి పట్టాడు. నవంబరు 4న లాపెనోతియేర్ కార్న్‌వాల్‌లోని ఫాల్మత్‌లో దిగి, గుర్రపుబండి కట్టించుకుని లండన్‌కు 271 మైళ్ళు 37 గంటల్లో వెళ్ళాడు. దారిలో 21 చోట్ల గుర్రాలు మార్చాడు. దానికైన 46 పౌండ్ల 19 షిల్లింగుల ఒక పెన్నీ ఖర్చుకు ఆయన చూపిన లెక్క ఈనాటికీ నిలిచి ఉంది. 6వ తేదీ రాత్రి ఒంటిగంట ప్రాంతంలో, నౌకాదళ కార్యదర్శి విలియం మార్స్‌డెన్ నిద్రకు వెళ్ళబోతుండగా నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీ భవనం చేరి, మనకు గొప్ప విజయం దక్కింది గానీ లార్డ్ నెల్సన్‌ను పోగొట్టుకున్నామని చెప్పాడు. ప్లిమత్‌లో దిగిన సైక్స్ కొద్ది సేపటికే చేరుకున్నాడు. ఆ కాస్త వెనకబాటు వల్ల ఈ ఘట్టంలో సైక్స్ పేరు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

ఇంత పరుగు, ఇంత బాధ్యత ఒక మనిషి మీద పడినప్పుడు దానికి గుర్తింపు దక్కడం తప్పెలా అవుతుంది? రాజ్యం భవిష్యత్తు గురించి బెంగపడుతున్న నగరానికి, దండయాత్ర భయం తీర్చే వార్త తెచ్చాడు. లాపెనోతియేర్‌కు ఎక్కువిచ్చారు అనడం ఒక మాట, యంగ్‌కు తక్కువిచ్చారు అనడం వేరొక మాట. రెండోది నిరూపించాలంటే మొదటిదాన్ని సాక్ష్యంగా తేవడం చాలదు.

చుక్కాని:

నా పక్షాన ఒక చిన్న చేర్పు. లాపెనోతియేర్ పనితనం ఆ ఉత్తరంతో మొదలు కాలేదు. 1804 మార్చిలో బ్రెస్ట్ దగ్గర 'మాగ్నిఫిసెంట్' అనే 74 ఫిరంగుల నౌక రాతిమిట్ట ఎక్కి మునిగినప్పుడు ఆ నౌక మనుషులను కాపాడిన ఓడల్లో పికిల్ కూడా ఉంది. చిన్న ఓడ, పెద్ద నౌక మనుషులు, ఇరుకు, ఇదంతా ట్రఫాల్గర్ నాటికి ఆయనకు కొత్త కాదు. ఎంపికలో అదీ ఒక అంశమై ఉండవచ్చు.

ఉప్పుగాలి:

పాత దస్త్రం గారు అడిగిన నిరూపణకు వస్తాను. యంగ్ ఒక్కడి కథ చూస్తే అది యాదృచ్ఛికమని సరిపెట్టుకోవచ్చు. అదే కట్టర్, వేరే అధిపతి చేతిలో, అయిదేళ్ళ తరువాత చేసిన పోరాటాన్ని కూడా చూద్దాం. చిన్న ఓడ విషయంలో ఆ వ్యవస్థ ఎలా ప్రవర్తించేదో యాదృచ్ఛికమని తోసిపుచ్చడానికి వీల్లేని విధంగా అక్కడ తెలుస్తుంది.

1810 డిసెంబరు 12న లెఫ్టినెంట్ పీటర్ విలియమ్స్ అధీనంలో ఉన్న ఆంత్రప్రెనాంత్ స్పెయిన్ దక్షిణ తీరాన, మలగా, అల్మేరియా మధ్య గాలి పడిపోయి కదలలేక నిలిచిపోయింది. తెరచాపల మీదే బతికే ఓడకు గాలి లేకపోవడమంటే కాళ్ళు కట్టేసినట్టే. ఆ స్థితిలో తీరం నుంచి నాలుగు ఫ్రెంచి ప్రైవేటీర్లు, అంటే ప్రభుత్వ అనుమతి పత్రంతో శత్రు ఓడలను దోచే సాయుధ నావలు, తెడ్లు వేసుకుంటూ మీదికొచ్చాయి. వాటిలో ఒక్కదానిలోనే 75 మంది ఉన్నారు. కట్టర్ మీద ఆ రోజు మొత్తం ఉన్నది 33 మంది.

పోరాటం నాలుగు గంటలు దాటింది. కట్టర్ పైకొయ్య తెగిపడింది, తాళ్ళూ చాపలను ఎత్తే కప్పీలూ పోయాయి, కుడిపక్క ఫిరంగుల్లో రెండు పనికిరాకుండా పోయాయి. శత్రువులు మూడుసార్లు ఓడ మీదికి ఎక్కడానికి ప్రయత్నించారు, మూడుసార్లూ వీళ్ళు తరిమికొట్టారు. కుడిపక్క ఫిరంగులు దెబ్బతిన్నాక విలియమ్స్ చేయించిన పని నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది. గాలి లేదు కాబట్టి చాపలతో ఓడ తిరగదు. అందుకని, తుపాకుల కాల్పుల కింద నిలబడే, మిగిలిన మనుషులు పొడవాటి తెడ్లు నీళ్ళలోకి దించి, ఓడను చేతిబలంతో తిప్పి, చెక్కుచెదరని ఎడమపక్క ఫిరంగులను శత్రువు ఎదుటికి తెచ్చారు. రెట్టింపు గుండ్లు దట్టించి పేల్చిన ఆ దెబ్బలకు ప్రైవేటీర్లు వెనుదిరిగాయి. కట్టర్ మీద ఒకరు మరణించారు, పదిమంది గాయపడ్డారు. అంటే మూడింట ఒకవంతు నష్టం. పెద్ద యుద్ధనౌకల నష్టాల పక్కన కూడా ఈ నిష్పత్తి తక్కువేమీ కాదు.

విలియమ్స్‌కు ప్రధాన సేనాని నుంచి బహిరంగంగా ప్రశంసలు వచ్చాయి. పదోన్నతి మాత్రం వెంటనే రాలేదు. ఇక్కడ వరుసలో నిలిచి పోరాడలేదని అనడానికి లేదు, నాలుగింటితో ఒంటరిగా పోరాడాడు. మొదటి లెఫ్టినెంట్ కాదని అనడానికీ లేదు, ఓడకు ఆయనే అధిపతి. అయినా ఫలితం యంగ్ విషయంలో వచ్చినదే. పాత దస్త్రం గారి కట్టుబాటు ఈ ఓడ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కాదనడానికే పనికొస్తోంది. చిన్న ఓడలో జరిగే పనిని చూడటానికి ఆ వ్యవస్థకు తగిన కొలత లేదు. ఆ లోపాన్నే నేను అన్యాయమంటున్నాను. కాలింగ్‌వుడ్ మనసులో దురుద్దేశం ఉందని నేను ఎక్కడా అనలేదు.

కృష్ణాతీరం:

విలియమ్స్ పోరాటం నేను ఇంత వివరంగా ఎన్నడూ చదవలేదు, కృతజ్ఞతలు. ఇదే తేడా తరువాతి కాలపు జ్ఞాపకంలోనూ కొనసాగింది. బ్రిటిష్ నౌకాదళంలో ఈనాటికీ ప్రతి నవంబరులో పికిల్ పేరు మీద రాత్రి విందు జరుపుకుంటారు. లాపెనోతియేర్ బండి వెళ్ళిన దారికి 'ట్రఫాల్గర్ మార్గం' అని పేరుపెట్టి, గుర్రాలు మార్చిన ఊళ్ళలో ఫలకాలు నిలిపారు. పికిల్ 1808లోనే కాదిజ్ సమీపంలోని మిట్టమీదికెక్కి పగిలిపోయింది. ఆంత్రప్రెనాంత్ అంతకుముందు 1801లో ఈజిప్టు దండయాత్రలో పాల్గొంది, ట్రఫాల్గర్‌లో ఉంది, 1810లో ఈ పోరాటం చేసింది, 1812లో విడగొట్టేదాకా సేవలోనే ఉంది. సేవ ఎక్కువ కాలం చేసిన ఓడ పేరు చరిత్ర చదివేవాళ్ళలోనే కొందరికి తెలుసు.

పాత దస్త్రం:

విలియమ్స్ ఉదాహరణ బలమైనది, దాన్ని తేలిగ్గా తోసేయను. ట్రఫాల్గర్ కట్టుబాటుతో దానికి సమాధానం చెప్పలేం, అది వేరే సందర్భం. చిన్న ఓడల అధిపతుల పనిని అడ్మిరల్టీ తక్కువగా లెక్కించిందన్న విశాల వాదాన్ని నేను అంగీకరిస్తాను. 1805లో యంగ్‌కు జరిగినదాన్ని మాత్రం ఇప్పటికీ ఆ వాదం కింద చేర్చను.

నా కారణం ఇది. అషీల్ రక్షణకు ప్రతిఫలం ఇవ్వాలంటే ప్రిన్స్, స్విఫ్ట్‌షూర్ పడవలను నడిపిన అధికారులకూ ఇవ్వాలి. మండే ఓడకు అందరికంటే దగ్గరగా వెళ్ళినవి తెడ్ల పడవలే, కట్టర్ కంటే వాళ్ళ ప్రమాదం తక్కువ కాదు. వాళ్ళలో ఎవరికీ ఆ పని పేరుతో హోదా పెరిగినట్టు నేను చదవలేదు. నీళ్ళలో మునుగుతున్న శత్రువును కాపాడటం నావికుడు ఎలాగూ చేయవలసిన పని అని అందరూ భావించారు. ఆ భావన తప్పా ఒప్పా అనేది వేరే చర్చ. ఆ ఒక్క పనికి ఒకే కొలత అందరికీ వర్తించినప్పుడు, వాళ్ళలో యంగ్ ఒక్కడికే అన్యాయం జరిగిందని ఎలా అంటాం?

ఉప్పుగాలి:

ఆ పడవలు నడిపినవాళ్ళు సాయంత్రానికి తమ పెద్ద నౌకల్లోకి తిరిగి ఎక్కారు. తెచ్చినవాళ్ళకు చోటివ్వడం, తిండిపెట్టడం, కాపలా కాయడం ఆ నౌకల్లోని వందలాది మంది చూసుకున్నారు. యంగ్‌కు ఆ సౌకర్యం లేదు. ఎక్కించుకున్నవాళ్ళను అదే కట్టర్‌లో, తన మనుషుల కంటే బందీలు ఎన్నో రెట్లున్న స్థితిలో, ఆ రాత్రి ముంచుకొస్తున్న తుపానులో నిలబెట్టుకోవాల్సి వచ్చింది. బందీలు తిరగబడితే ఓడ పోయేది. పికిల్ మీద అలాంటి తిరుగుబాటు పథకం వేశారనీ, సిబ్బంది అప్రమత్తంగా ఉండటం వల్ల అది సాగలేదనీ చెబుతారు. కనుక యంగ్‌ను పోల్చవలసింది పడవల అధికారులతో కాదు, లాపెనోతియేర్‌తోనే. ఆ పోలికలో ఇద్దరికీ ఒకే కొలత పడలేదని మీరూ కాదనలేరు.